ఊపిరిని ధమ్మసాధనగా మలచిన ఆచార్య జీయీ

త్రిశరణాలు స్వీకరించి పంచశీలాలను పాటిస్తున్న ఉపాసకుల మనస్సులలో తరచుగా మెదిలే ప్రశ్న ఒకటి ఉంది. విహారంలో కూర్చున్న గంటసేపు ధమ్మం మనతోనే ఉంటుంది. పొలంలో, కార్ఖానాలో, కార్యాలయంలో, వంటింట్లో గడిచే తక్కిన పగలంతా అది ఎక్కడ ఉంటుంది? బుద్ధ వందన ముగిసి చెప్పులు వేసుకొని బయటికి నడిచిన క్షణం నుంచి మన సాధన ఏమవుతుంది?

ఇటీవలి కాలంలో ఈ ప్రశ్నకు మరొకటి తోడైంది. చైనా నుంచి వచ్చిన చిగాంగ్ అనే శ్వాసాభ్యాసమూ, దానితోపాటు ప్రాణశక్తి, జీవశక్తి అనే మాటలూ మన పట్టణాలకు చేరాయి. కొందరు వాటిని సర్వరోగ నివారిణిగా నమ్ముతున్నారు. మరికొందరు బాబాసాహెబ్ అంబేద్కర్ నేర్పిన హేతుదృష్టిని తలచుకొని అదంతా మూఢనమ్మకమని తోసివేస్తున్నారు. ఈ రెంటికీ నడుమ ఒక దారి ఉంది. సుమారు 1,400 సంవత్సరాల క్రితమే ఒక బౌద్ధ భిక్షువు ఆ దారిని స్పష్టంగా గీసి చూపాడు. ఆయన చైనాలోని తియెన్‌తాయ్ బౌద్ధ సంప్రదాయానికి రూపమిచ్చిన ఆచార్య జీయీ. ఆయన జీవితాన్ని ఈ సంచికలో మన ఉపాసక కుటుంబాల ముందు ఉంచుతున్నాం.

ముందుగా ఒక మాట. చైనా భాషలో చి అనే పదానికి గాలి, ఆవిరి, ఊపిరి, బ్రతుకును నిలిపే బలం అనే అర్థాలన్నీ ఉన్నాయి. ఇది మనకు కొత్త కాదు. తెలుగులో ఊపిరి ఉన్నంతవరకు అంటే బ్రతికి ఉన్నంతవరకు అనే కదా అర్థం. గాంగ్ అంటే కృషి, శ్రమించి సంపాదించిన నేర్పు. ఈ జంటపదం విస్తృతమైన వాడుకలోకి వచ్చింది 20వ శతాబ్దం నడిమి భాగంలోనే. అయితే శ్వాసతో, అంగచలనంతో శరీరాన్ని చక్కదిద్దుకొనే పద్ధతి చైనాలో అతి ప్రాచీనం. చాంగ్షా నగరం వద్ద మావాంగ్‌దుయిలో 1973లో తవ్విన సమాధిలో ఒక పట్టువస్త్రం లభించింది. ఆ సమాధి క్రీ.పూ. 168 నాటిది. వ్యాయామ భంగిమలలో ఉన్న 44 మంది స్త్రీ పురుషుల బొమ్మలు ఆ వస్త్రంపై ఉన్నాయి. తావో మార్గీయులు ఈ విద్యను దీర్ఘాయువు కోసం, చివరికి చావును జయించడం కోసం పెంచి పోషించారు. జీయీ పుట్టేనాటికి ఆ దేశంలో ఊపిరి సాధన అంటే మృత్యువును తప్పించుకొనే రహస్యమనే భావం బలంగా ఉండేది.

యుద్ధం మధ్య ఒక బాలుడు

జీయీ క్రీ.శ. 538లో యాంగ్‌ట్సీ నదీ ప్రాంతంలోని జింగ్‌జౌ సీమలో చెన్ అనే ఇంటిపేరు గల కుటుంబంలో పుట్టాడు. తండ్రి లియాంగ్ రాజ్యంలో అధికారి. ఆనాటి చైనా ఉత్తర, దక్షిణ రాజ్యాలుగా చీలి ఉంది. 554లో ఉత్తరపు సేనలు జియాంగ్‌లింగ్ రాజధానిని పట్టుకొని దోచుకున్నాయి. వేలాది ప్రజలను బానిసలుగా తరలించాయి. చెన్ కుటుంబం సర్వస్వమూ కోల్పోయింది. కొద్దికాలానికే తల్లిదండ్రులు ఇద్దరూ మరణించారు.

పదహారు, పదిహేడేళ్ల ప్రాయంలో ఆ బాలుడు చూసినదేమిటో మనం ఊహించుకోవచ్చు. నిన్నటి రాజభవనం నేడు బూడిద. నిన్నటి అధికారి కుటుంబం నేడు దిక్కులేనిది. దుఃఖం ఉందన్న తొలి ఆర్యసత్యాన్ని ఆయన గ్రంథంలో చదవడానికి ముందే బ్రతుకులో చదివాడు. అన్న చెన్ జెన్ సైన్యంలో కొలువు చూసుకున్నాడు. తమ్ముడు 18వ ఏట, చాంగ్షాలో భిక్షువుగా కాషాయం ధరించాడు. మావాంగ్‌దుయి పట్టువస్త్రం భూమిలో నిద్రిస్తున్నది ఆ నగరం దాపునే.

నాగార్జునుని వారసత్వం

560లో జీయీ, యుద్ధభయంతో ఇతరులు అడుగుపెట్టని సరిహద్దు ప్రాంతానికి వెళ్లాడు. అక్కడ దాసూ పర్వతంపై హుయిసి అనే ధ్యానాచార్యుడు ఉండేవాడు. హుయిసిని కిట్టనివారు ఆయనకు ఒకటికి రెండుసార్లు విషం పెట్టారు. ధమ్మసేవకు సమయం చాలదేమోనన్న తపనతో ఆయన తన సంకల్ప గ్రంథంలో దీర్ఘాయువును కోరుకున్నాడు. ఆ పర్వతంపై జీయీ సద్ధర్మపుండరీక సూత్రాన్ని అధ్యయనం చేస్తూ లోతైన సమాధిని అనుభవించాడని ఆయన జీవిత చరిత్ర చెబుతుంది.

ఈ గురుపరంపర మన నేలకు చెందినవారు గర్వంగా గుర్తుంచుకోదగినది. హుయిసికి గురువు హుయివెన్. ఆయనకు వెలుగు చూపినవి ఆచార్య నాగార్జునుని పేరిట ఉన్న గ్రంథాలు. 5వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కుమారజీవుడు వాటిని చైనా భాషలోకి అనువదించాడు. అందుకే తియెన్‌తాయ్ సంప్రదాయం నాగార్జునుని తన మొదటి ఆచార్యునిగా లెక్కిస్తుంది. శాతవాహన రాజుకు మిత్రుడిగా, శ్రీపర్వత నివాసిగా సంప్రదాయం స్మరించే నాగార్జునుని పేరే కృష్ణానది ఒడ్డున ఉన్న నాగార్జునకొండకు నిలిచింది. ఆ లోయ నేడు జలాశయం అడుగున ఉన్నా, అక్కడి ఆలోచన హిమాలయాలు దాటి, ఎడారులు దాటి, ఒక అనాథ యువకుని చేతికి అందింది.

నాగార్జునుని మధ్యమ మార్గం ఆ యువకునికి ఏమి నేర్పింది? ఏ వస్తువూ తనంత తానుగా నిలిచి ఉండదు. కారణాలు కూడితే ఉంటుంది, విడిపోతే పోతుంది. మనుషులు అమరత్వానికి మూలమని పూజించిన చి కూడా అంతే. అది ఆత్మ కాదు, దైవం కాదు. అన్నంపైన, నిద్రపైన, మనస్సుపైన ఆధారపడి పుట్టి నశించే ఒక ప్రవాహం. కారణాలపై ఆధారపడినది కనుకనే దానిని కారణాల ద్వారా చక్కదిద్దవచ్చు. ఈ ఎరుకే ఆయన శ్వాసబోధకు పునాది.

సంఖ్య పెరిగి ఫలం తగ్గినప్పుడు

సుమారు 30 ఏళ్ల వయస్సులో జీయీ చెన్ రాజవంశపు రాజధాని జిన్‌లింగ్‌కు, అంటే నేటి నాన్‌జింగ్‌కు చేరాడు. వాగ్వాన్ విహారంలో ఎనిమిదేళ్లు బోధించాడు. మంత్రులు, సేనానులు, పండితులు ఆయన చుట్టూ చేరారు. ఆ కాలంలోనే ఆయన మావో షీ అనే ఉన్నతాధికారి కోసం ఆరు ద్వారాల శ్వాసధ్యానాన్ని వివరించాడు. ఊపిరిని లెక్కించడం, దాని వెంట వెళ్లడం, నిలకడ చెందడం, పరిశీలించడం, పరిశీలించే మనస్సు వైపుకే తిరగడం, శుద్ధి చెందడం అనేవి ఆ ఆరు. బుద్ధ భగవానుడు బోధించిన ఆనాపానసతిని అభిధర్మాచార్యులు విభజించి చెప్పిన క్రమమే ఇది. జీయీ దీనిని చైనా గృహస్థుల భాషలోకి తెచ్చాడు. రాజ్యభారం మోసే గృహస్థునికి కూడా ధ్యానం సాధ్యమేనన్నది ఆయన నిశ్చయం.

575లో ఆయన హఠాత్తుగా రాజధానిని విడిచివెళ్లాడు. చక్రవర్తి స్వయంగా వారించినా ఆగలేదు. కారణాన్ని ఆయన జీవిత చరిత్ర అంకెలతో సహా చెబుతుంది. మొదటి ఏడు తనతో 40 మంది కూర్చుంటే 20 మందికి ఫలం దక్కింది. మరుసటి ఏడు 100 మందికి పైగా కూర్చుంటే ఫలం పొందినవారు ఆ 20 మందే. ఆ తరువాత 200 మంది కూర్చుంటే 10 మందికి మించలేదు. జనం పెరిగేకొద్దీ సాధన పలచబడింది. తన సాధన కూడా సన్నగిల్లుతున్నదని ఆయన గ్రహించాడు.

ధమ్మ పునరుజ్జీవనం కోసం శ్రమిస్తున్న మన సంఘాలు ఈ లెక్కను పదేపదే తలచుకోవాలి. సభకు ఎందరు వచ్చారన్నది మనం లెక్కపెడతాం. ఆ సభ నుంచి వెళ్లినవారిలో ఎందరి ఇంట్లో కోపం తగ్గింది, ఎందరి చేతిలోని సీసా జారింది, ఎందరి బిడ్డలకు చదువు అందింది అన్నది లెక్కపెట్టడం కష్టం. జీయీ ఆ కష్టమైన లెక్కనే చూసుకున్నాడు.

పర్వతంపై సాధన

తూర్పు తీరానికి సమీపంలో, నేటి జెజియాంగ్ రాష్ట్రంలో తియెన్‌తాయ్ పర్వతశ్రేణి ఉంది. జీయీ అక్కడ చిన్న ఆశ్రమం కట్టుకొని, హువాడింగ్ అనే శిఖరంపై ఒంటరిగా సాధన చేశాడు. ఒక రాత్రి చెట్లు పెకలించే గాలివాన వచ్చిందనీ, భయంకరమైన ఆకారాలు కనిపించాయనీ, అవి పోగానే చనిపోయిన తల్లిదండ్రుల రూపాలు దుఃఖిస్తూ ఎదుట నిలిచాయనీ కథనం. భయానికి చలించనివాడు ప్రేమకు చలించవచ్చు. తల్లిదండ్రులను యుద్ధానికి అర్పించిన మనిషికి ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు. ఆయన ఆ రూపాలు కూడా కారణాల వల్ల కలిగినవేనని ఎరిగి నిశ్చలంగా కూర్చున్నాడు. ధ్యానంలో కనిపించే ప్రతి దృశ్యమూ దైవసాక్షాత్కారం కాదని తరువాత శిష్యులకు ఆయన గట్టిగా చెప్పడానికి మూలం ఈ రాత్రిలో ఉందని మనం భావించవచ్చు.

అన్న చెన్ జెన్ కథ కూడా సంప్రదాయం భద్రపరచింది. 40 ఏళ్ల వయస్సులో ఉన్న ఆ సైనికాధికారికి, నెలరోజులలో మరణం తప్పదని ఒక జోస్యుడు చెప్పాడట. తమ్ముడు జోస్యానికి ప్రతిజోస్యం చెప్పలేదు, తాయెత్తు కట్టలేదు. కూర్చొనే విధానం, తినే విధానం, ఊపిరి తీసే విధానం నేర్పాడు. అన్న మరి 15 ఏళ్లు బ్రతికాడంటారు. ఈ కథలో అంకెలు ఎంతవరకు చరిత్రో పక్కన ఉంచుదాం. అన్న కోసమే రాశాడని సంప్రదాయం చెప్పే చిన్న గ్రంథం మాత్రం నేటికీ మన ముందు ఉంది. దాని పేరు షియావో జీగ్వాన్, అంటే చిన్న సమథ విపస్సన గ్రంథం. యుద్ధంలో తలో దిక్కయిన ఇద్దరు అన్నదమ్ముల నడుమ మిగిలిన బంధం దానిలో ఉంది.

అయిదు సర్దుబాట్లు

ఆ చిన్న గ్రంథంలో పది అధ్యాయాలు. నాలుగవది సర్దుబాటు గురించినది. కుమ్మరి మట్టిని మెత్తగా కాక, గట్టిగా కాక కలిపినప్పుడే సారెపై కుండ లేస్తుంది. వీణ తీగను సరిగా బిగించినప్పుడే రాగం పలుకుతుంది. ఆహారం, నిద్ర, శరీరం, శ్వాస, మనస్సు అనే అయిదింటినీ అలాగే సర్దుకోవాలని జీయీ బోధ.

ఆహారం విషయంలో ఆయన చెప్పేది సులభం. పొట్ట నిండా తింటే ఊపిరి బరువెక్కుతుంది, మనస్సు మూసుకుపోతుంది. మరీ తక్కువ తింటే శరీరం సడలి ఆలోచన నిలవదు. పాత జబ్బును రేపే పదార్థాలను మానాలి. నిద్ర మితి మీరితే మెలకువలోనూ మబ్బు కమ్ముతుంది. కఠోర ఉపవాసాలను ఆయన గొప్ప చేయలేదు. సిద్ధార్థుడు సుజాత పాయసాన్ని స్వీకరించినప్పుడు ఎంచుకున్న మధ్యమ మార్గమే ఇక్కడా కనిపిస్తుంది.

కూర్చొనే విధానాన్ని తొలిసారి కూర్చొనేవాడి చేయి పట్టుకొని నేర్పినట్లు చెబుతాడు. ఆసనం స్థిరంగా ఉండాలి. నడుముకు కట్టిన పట్టీ వదులు చేసుకోవాలి. కాళ్లు మడిచి, ఎడమచేతిని కుడిచేతిపై ఉంచి, శరీరాన్ని ఏడెనిమిది సార్లు మెల్లగా కదిపి సర్దుకోవాలి. వెన్ను నిటారుగా, అయితే బిగువు లేకుండా ఉండాలి. నోటితో లోపలి చెడుగాలిని నిదానంగా విడిచి, ముక్కుతో తాజా గాలిని తీసుకోవాలి. ఇలా మూడుసార్లు చాలు. నాలుకను అంగిలికి ఆనించి, కన్నులు మెల్లగా మూయాలి.

శ్వాసలు నాలుగు రకాలని ఆయన విభజించాడు. చప్పుడు చేసేది మొదటిది, అది మనస్సును చెదరగొడుతుంది. చప్పుడు లేకున్నా అడ్డుపడుతూ వచ్చేది రెండవది, అది బిగబడుతుంది. చప్పుడూ అడ్డూ లేకున్నా ముతకగా ఉండేది మూడవది, అది అలసట కలిగిస్తుంది. ఉన్నదా లేదా అన్నంత సన్నగా, తెగకుండా సాగేది నాలుగవది. మనస్సు దానిపైనే నిలుస్తుంది. ముతక శ్వాసను బలవంతంగా అణచరాదు. మనస్సును నాభి ప్రాంతానికి దించి, శరీరాన్ని వదులు చేసి, ఒంటి రోమకూపాలన్నింటా గాలి ఆడుతున్నదని భావిస్తే అది తనంత తానే సన్నబడుతుంది. మనస్సు కునుకులోకి జారితే ముక్కు కొనపై నిలపాలి. చెదిరితే నాభి వద్దకు దించాలి.

లేచే విధానాన్ని కూడా ఆయన విడువలేదు. ముందు మనస్సును ఆలంబనం నుంచి వదలాలి. నోటితో గాలి విడవాలి. భుజాలు, చేతులు, మెడ, తరువాత పాదాలు మెల్లగా కదపాలి. అరచేతులతో ఒంటిని నిమిరి, వాటిని రుద్ది వేడిచేసి కన్నులపై కప్పి, ఆ తరువాతే కన్నులు తెరవాలి. ఒంటి వేడి తగ్గాక నడవాలి. గబాలున లేస్తే తలనొప్పి వస్తుంది, కీళ్లు పట్టేస్తాయి. నేటి చిగాంగ్ తరగతులలో ముగింపుగా నేర్పే కదలికలకూ ఈ వర్ణనకూ ఉన్న పోలిక చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

మందు వేరు, విముక్తి వేరు

తొమ్మిదవ అధ్యాయం రోగాల గురించినది. ఇక్కడ ఆయన ఆనాటి శ్వాసవైద్యాన్ని సంకోచం లేకుండా స్వీకరించాడు. ఊపిరి విడవడంలో ఆరు తీరులున్నాయి. చలికి ఒకటి, వేడికి ఒకటి, నొప్పికి ఒకటి, చిరాకుకు ఒకటి, కఫానికి ఒకటి, అలసటకు ఒకటి. మనస్సును నాభికి దిగువన గానీ అరికాళ్లపై గానీ నిలిపితే పైకెగసిన అలజడి కిందికి దిగుతుందని కూడా చెప్పాడు. ఆనాటి వైద్యం ఈ ఆరు శ్వాసలను ఒక్కో అవయవంతో ముడిపెట్టింది. ఆ లెక్కను నేటి వైద్యశాస్త్రంగా మనం స్వీకరించనవసరం లేదు. ఆయన గ్రంథాలలో రోగకారణాలుగా భూతప్రేతాల ప్రస్తావన కూడా ఉంది. అది ఆ కాలపు ఊహ అని గుర్తించి ముందుకు సాగవచ్చు.

మనం స్వీకరించవలసినది ఆయన వివేకం. పెద్ద గ్రంథమైన మోహె జీగ్వాన్‌లో రోగాలను కారణాన్ని బట్టి విడదీశాడు. శ్రమ వల్ల, ప్రయాణం వల్ల, ఆహారం వల్ల వచ్చిన జబ్బుకు వైద్యుని ఔషధమే మార్గమని చెప్పాడు. ధ్యానంలో చేసిన పొరపాటు వల్ల వచ్చిన జబ్బును ధ్యానంతోనే సర్దుకోవాలి. అంటే ఊపిరి సాధన ఔషధానికి బదులు కాదు. మధుమేహానికీ రక్తపోటుకూ వేసుకొనే మాత్రలు మాని శ్వాస మీద ఆధారపడమని ఎవరైనా చెబితే, వారు జీయీ మాటకు విరుద్ధంగా చెబుతున్నారని మనం నిస్సందేహంగా చెప్పవచ్చు.

ఈ సాధన ఫలించాలంటే కావలసినవి పది అని ఆయన లెక్కించాడు. నమ్మకం, ఆచరణ, పట్టుదల, నిలకడ, రోగకారణం తెలియడం, ఉపాయం, దీర్ఘకాల సాధన, మేలు చేసినదానిని ఉంచుకొని చేయనిదానిని విడవడం, చేటు చేసే వాటి నుంచి కాపాడుకోవడం, చివరగా అడ్డంకులను గుర్తించడం. ఈ చివరిదాని వివరణ ముచ్చటైనది. మేలు కలిగితే నలుగురిలో గొప్పలు చెప్పుకోరాదు. మేలు కలగకపోతే వెంటనే అనుమానించి నిందించరాదు. చేసి చూసి నిలుపుకోవడం, లేదా విడిచిపెట్టడం! బుద్ధుడు కాలాములకు చూపిన దారి ఇదే కదా.

అన్నిటినీ మించినది మరొకటి. తావో మార్గీయులు శ్వాసను అమరత్వానికి మెట్టుగా చూశారు. జీయీ దానిని గడపగా చూశాడు. ఊపిరి సర్దుకున్నాక మనస్సు నిలుస్తుంది. మనస్సు నిలిచాక అనిత్యత, దుఃఖం, అనాత్మ కనిపిస్తాయి. అలా కనిపించినప్పుడే కరుణ పుడుతుంది. గడప దగ్గరే ఆగిపోయినవాడు ఇంట్లోకి రాలేదు. గడప దాటకుండా ఇల్లు చేరినవాడూ లేడు.

నడిచేటప్పుడు, పనిచేసేటప్పుడు

ఈ వ్యాసం మొదట అడిగిన ప్రశ్నకు ఆయన సమాధానం ఆరవ అధ్యాయంలో ఉంది. కూర్చొని చేసేది ఒక సాధన. నడవడం, నిలబడడం, కూర్చోవడం, పడుకోవడం, పనిచేయడం, మాట్లాడడం అనే ఆరు సందర్భాలలో చేసేది మరొక సాధన. కళ్లు, చెవులు, ముక్కు, నాలుక, శరీరం, మనస్సు తమ విషయాలను తాకే ఆరు చోట్లా అదే సాధన. గృహస్థునికి పనులు తప్పవు. సాధన కూర్చున్న వేళకే పరిమితమైతే తక్కిన కాలమంతా తెగిపోయినట్లేనని ఆయన ఉద్దేశం.

చేసే విధానం ఇది. అడుగు వేసేముందు, ఎందుకోసం నడుస్తున్నానని అడుగుకోవాలి. లోభం కోసమో, పగ కోసమో అయితే ఆ అడుగు మానాలి. మేలుకైతే నడవాలి. నడుస్తున్నప్పుడు, నడుస్తున్నవాడెవరని చూడాలి. అడుగులు ఉన్నాయి, ఊపిరి ఉంది, సంకల్పం ఉంది. వీటికి వెలుపల నేను అని పట్టుకోదగినది కనిపించదు. మాట్లాడేటప్పుడు కూడా ఇదే. ఊపిరి గొంతును తాకి, నాలుకను, పెదవులను తాకి మాటగా మారుతుందని చూసినవాడు, ఎదుటివాని నుంచి వచ్చిన దూషణను కూడా గాలి కదలికగా చూడగలడు.

ఈ మాట మనకు ఊరట ఇస్తుంది, ఒక హెచ్చరిక కూడా ఇస్తుంది. తరతరాలుగా కులం పేరిట దూషణలు విన్నవారికి, ఆ దూషణను గాలిగా చూడమనడం అన్యాయాన్ని సహించమనడం కారాదు. జీయీ మొదటి మెట్టు, ఈ అడుగు దేనికోసమని అడగడం. న్యాయం కోసం వేసే అడుగు మేలు కోసమే. ఆ అడుగును కోపంతో వణుకుతూ కాక, నిండైన ఊపిరితో, స్థిరంగా వేయడానికే ఈ సాధన. కోర్టు మెట్లు ఎక్కేటప్పుడు, పంచాయతీలో లేచి నిలబడేటప్పుడు, దరఖాస్తు పట్టుకొని వరుసలో వేచి ఉన్నప్పుడు నాభి వద్ద ఊపిరిని గమనించగలవాడు తడబడడు.

రాజుల నీడలో చివరి రోజులు

585లో చెన్ రాజు ఆహ్వానంపై జీయీ తిరిగి రాజధానికి వచ్చాడు. 589లో స్వీ వంశం దక్షిణాన్ని జయించింది. ఆయన బోధించిన జిన్‌లింగ్ నగరాన్ని నేలమట్టం చేసి పొలాలుగా దున్నించారు. బాల్యంలో ఒక రాజధాని పతనాన్ని చూసిన కళ్లు, 50 ఏళ్ల వయస్సులో మరొక పతనాన్ని చూశాయి. 591లో స్వీ యువరాజు యాంగ్ గ్వాంగ్ ఆయన నుంచి బోధిసత్వ శీలాలు స్వీకరించి, ప్రజ్ఞావంతుడు అనే అర్థం గల బిరుదునిచ్చాడు. చరిత్ర క్రూరునిగా చెప్పుకొనే యాంగ్ చక్రవర్తి తరువాత అయినది ఇతడే. శీలం స్వీకరించినంత మాత్రాన మనిషి మారడనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. రాజు ఎంత పిలిచినా జీయీ అతని సమీపంలో ఎక్కువ కాలం నిలవలేదు.

సొంత సీమ జింగ్‌జౌకు తిరిగి వెళ్లి యూచువాన్ విహారాన్ని నెలకొల్పాడు. 594 వేసవి వర్షావాసంలో అక్కడే మోహె జీగ్వాన్‌ను బోధించాడు. శిష్యుడు గ్వాన్‌డింగ్ దానిని రాసుకున్నాడు. గడువు ముగియడంతో చివరి భాగాలు చెప్పకుండానే మిగిలిపోయాయి. ఆ సభలో 1,000 మందికి పైగా భిక్షువులు విన్నారు, 300 మంది ధ్యానం నేర్చుకున్నారు. ఇంతమంది ఒకచోట చేరడం ప్రభుత్వ నిబంధనలకు విరుద్ధమని స్థానిక అధికారులు కలవరపడడంతో ఆ సభ చెదిరిపోయింది. మరణానికి ముందు యువరాజుకు రాసిన లేఖలో తన జీవితపు వెలితులను లెక్కిస్తూ జీయీ దీనిని కూడా ప్రస్తావించాడు. జనులు కూడి ధమ్మం వినడాన్ని చూసి అధికారం భయపడడం కొత్త విషయం కాదు.

597లో యువరాజు పిలుపు అందుకొని కొండ దిగిన జీయీ, దారిలో షిచెంగ్ అనే చోట, రాతిలో చెక్కిన మైత్రేయ మహావిగ్రహం ఎదుట వ్యాధిగ్రస్తుడై ఆగిపోయాడు. చైనా లెక్క ప్రకారం అప్పటికి ఆయన వయస్సు 60. శ్వాసకు అంత శాస్త్రం చెప్పినవాడు తన ఆయువును సాగదీసుకొనే యత్నం చేయలేదు. ఇది ఆయన బోధకు లోపం కాదు, నిరూపణ. ఊపిరి కారణాలపై నడుస్తుంది, కారణాలు తీరితే ఆగుతుంది. ఆ సత్యాన్ని ఎరిగి ప్రశాంతంగా విడిచిపెట్టగలగడమే జీవితాంతం ఊపిరిని గమనించినందుకు ఫలం.

మనకు మిగిలినది

జపాన్ భిక్షువు సైచో 804లో చైనాకు వెళ్లి, మరుసటి ఏడు ఈ బోధను తన దేశానికి తీసుకుపోయాడు. అది తెందాయ్ సంప్రదాయంగా హియేయ్ పర్వతంపై నిలిచింది. కొరియాలోనూ అది వేళ్లూనింది. చిన్న గ్రంథం మాత్రం నిశ్శబ్దంగా శతాబ్దాలు దాటింది. 20వ శతాబ్దపు ఆరంభంలో, యౌవనంలో క్షయవ్యాధికి గురై ధ్యానంతో కోలుకున్న విద్యావేత్త జియాంగ్ వెయ్‌చియావో 1914లో నిశ్చలాసనంపై ఒక సరళమైన పుస్తకం రాశాడు. 1918లో దానికి అనుబంధంగా తియెన్‌తాయ్ పద్ధతిని వివరించాడు. రహస్య పరిభాష లేకుండా సామాన్యులకు అర్థమయ్యేలా రాసినందున అవి విరివిగా చదవబడ్డాయి. 1950ల దశకంలో హెబెయ్ ప్రాంతపు చికిత్సాలయాలలో చిగాంగ్ అనే పేరు స్థిరపడేనాటికి, జీయీ అన్నకు నేర్పిన శ్వాస ఆ నేలలో అప్పటికే కలిసిపోయి ఉంది.

కనుక చిగాంగ్ పేరు విని మన ఉపాసకులు భయపడనక్కరలేదు, మోసపోనూ అక్కరలేదు. శ్వాస ఎవరి సొత్తూ కాదు. దానికి ప్రవేశ రుసుము లేదు, దీక్షాగురువు అనుమతి లేదు, కులం లేదు. బావి నీటిని అంటరానిదని కట్టడి చేసినవారు కూడా గాలిని కట్టడి చేయలేకపోయారు. ఆ గాలిని ఎరుకతో పీల్చడం నేర్చుకోవడం మన హక్కు.

ఉదయం లేచాక పది నిమిషాలు కూర్చోవచ్చు. ఆకలికి కొంచెం తక్కువగా తినవచ్చు. బస్సు కోసం నిలబడినప్పుడు పాదాలను, ఊపిరిని గమనించవచ్చు. కోపం వచ్చినప్పుడు మాటకు ముందు ఒక్క దీర్ఘశ్వాస విడవవచ్చు. జబ్బు చేస్తే వైద్యుని దగ్గరికి వెళ్లవచ్చు. మేలు కలిగితే గొప్ప చెప్పుకోకుండా పొరుగువానికి నేర్పవచ్చు. ఇంతకుమించి ఆచార్య జీయీ మనల్ని అడగడు. సంఘంలో మనం ఎందరమున్నామో లెక్కించుకొనే ఈ సంస్మరణ వేళ, మనలో ఎందరి ఊపిరి ధమ్మంతో నడుస్తున్నదో కూడా లెక్కించుకుందాం.